పేరు తెలియని పగడం

పొద్దున్నే లేచి ముందుగదిలోని గాజుతొట్టి దగ్గరికి వెళ్ళడం ఎముకలాయనకి అలవాటు. నీళ్ళలో ఉప్పు సరిపోయిందా, వేడి పెరిగిందా అని చూసి చీటీలో రాసుకుని, ఆ తర్వాతే మొహం కడుక్కుంటాడు. ఇరవై రెండేళ్ళుగా ఆస్పత్రిలో ఎక్స్‌రేలు తీస్తున్నాడు కాబట్టి వీధిలో ఆ పేరు ఖాయమైపోయింది. మొహం చూస్తే మనిషిని గుర్తుపట్టడు గానీ, చేతి ఫిల్మ్ చూపిస్తే ఇంటి నంబరుతో సహా చెబుతాడని తోటివాళ్ళ ఎగతాళి.

తొట్టిలో ప్రాణమున్న సముద్రపు పగడాలు ఎనిమిది. ఏడింటికి పేర్లు తెలుసు. ఎనిమిదోది, వలలో పడిందని చేపల కొట్టాయన ఇచ్చిన రాయి మీద తనంతట తానే మొలిచింది. బూడిద రంగు, జానెడు పొడవు, ఒళ్ళంతా ఆవగింజలంత నోళ్ళు. రోజంతా ముడుచుకుని ఉండేది. సాయంత్రం పక్కవాటాలోంచి వదిన టీ గ్లాసుతో రాగానే నోళ్ళన్నీ తెరిచి, ఆమె ఎటు నడిస్తే అటు తిరిగేది.

"తిండి పెట్టేది నేను, ప్రాణం పెట్టేది నీ మీద. బాగుంది వరస," అనేవాడు ఎముకలాయన.

ఎవరికీ అది వింతగా తోచలేదు. మీటరు చూడ్డానికి వచ్చినవాడు కూడా ముడుచుకున్న పగడాన్ని చూసి, "అయితే ఆవిడ ఇంట్లో లేరన్నమాట," అని వెళ్ళిపోయేవాడు.

అన్నయ్య ఎక్కిన చేపల పడవ తొమ్మిదేళ్ళ కిందట వెళ్ళి మళ్ళీ రాలేదు. చెక్కముక్క కూడా దొరకలేదు. వదిన పుట్టింటికి బయల్దేరితే చాలు, పంపించడం చేతకాక ముసుగుతన్ని దొంగనిద్ర పోయే మనిషి అన్నయ్య. అలాంటివాడు వచ్చేసరికి ఇంటికి తాళం ఉండకూడదని ఆమె ఒక్క రాత్రి కూడా బయట పడుకోలేదు. నాలుగేళ్ళుగా ఆమెని పెళ్ళాడతానంటున్న బేకరీ యజమాని నెలాఖరుకి వేరే ఊరు మారిపోతున్నాడు. ఇక అడగనన్నాడు.

"నాకూ ఇష్టమే," అంది వదిన తొట్టి ముందు కూర్చుని. "కానీ మీ అన్నయ్య పోయారని ఒక్కరైనా చూపించారా? చూపించకుండా ఎలా వెళ్ళను?"

ఎముకలాయన మాట మార్చడానికి, పగడం పేరు కనుక్కుంటానన్నాడు.

"పై కండ చూస్తే తెలీదండీ," అన్నాడు చేపల కొట్టాయన. "ముక్క విరిచి బ్లీచింగులో వేయండి. కండ కరిగిపోయాక లోపలి గూడు చూస్తే పేరు చెప్పొచ్చు."

విరవడానికి ఎముకలాయనకి మనసొప్పలేదు. ఎముక చూడాలంటే చంపాలా, మరి నా ఉద్యోగం దేనికి అనుకున్నాడు. మర్నాడు మధ్యాహ్నం దాన్ని ఉప్పునీళ్ళ బకెట్లో ఆస్పత్రికి తీసుకెళ్ళి, బల్ల మీద పెట్టి ఎక్స్‌రే తీశాడు.

తేనెపట్టులాంటి గూడు కనపడాలి. కనపడింది మనిషి ముంజేయి. పక్కపక్కన రెండు ఎముకలు. ఒకటి ఎప్పుడో విరిగి వంకరగా అతుక్కుంది. ఎముకలాయన ఆ వంకరని చూసి స్టూలు మీద కూలబడ్డాడు. ఏడుపు ఆగలేదు.

సాయంత్రం ఫిల్మ్‌ని కిటికీకి ఆనించి పట్టుకున్నాడు. వదిన చాలాసేపు చూసి, అతుకు మీద బొటనవేలు పెట్టింది.

"ఇక్కడే తల పెట్టుకుని పడుకునేదాన్ని," అంది.

"చిన్నప్పుడు గోడ మీంచి నేనే తోశాను వదినా. జారి పడ్డానని అమ్మకి చెప్పాడు."

"నాకూ అదే చెప్పారు."

ఆ రాత్రి ఆమె గోడ అవతల ఏడుస్తూనే ఉంది. పొద్దున్నే బేకరీకి వెళ్ళి సరేనని చెప్పింది.

నెలాఖరున సంచీతో వచ్చి తొట్టి ముందు నిలబడింది. పగడం తెరుచుకోలేదు. గాజు మీద తట్టింది. ఒక్క నోరూ కదల్లేదు.

"కోపం వచ్చిందేమో," అన్నాడు ఎముకలాయన.

"కోపం కాదు." ఆమె నవ్వబోయి ఏడ్చేసింది. "దొంగనిద్ర."

తాళంచెవి మరిది చేతిలో పెట్టి వెనక్కి చూడకుండా వెళ్ళింది. గేటు గొళ్ళెం పడ్డ చప్పుడుకి పగడం మీద ఒక నోరు తెరుచుకుంది. తర్వాత ఒకటొకటిగా అన్నీ తెరుచుకుని తలుపు వైపు తిరిగాయి.

ఆ తర్వాత అది రాత్రీ పగలూ మళ్ళీ మూసుకోలేదు. తొమ్మిదేళ్ళు ఆమె ఎదురుచూసింది. ఇప్పుడు అన్నయ్య వంతు.