కుర్చీ మీద కోటు

ఆ పాత బట్టల కొట్లో ఒకటే చట్టం. వెనక గదిలో తలుపు పక్కన కొక్కేలకు తగిలించినవి పనిచేసేవాళ్ళవి. బల్ల మీదున్నా, కుర్చీ మీదున్నా, నేల మీదున్నా అది కొట్టుదే. ధర చీటీ గుచ్చి అమ్మేయడమే. ఆ చట్టం పెట్టింది గ్లెనిస్. జనం దానం పేరుతో పడేసిపోయిన సంచులు విప్పి, పదకొండేళ్ళుగా జీతం లేకుండా బట్టలు ఏరుతున్న మనిషి ఆమాత్రం చట్టం పెట్టకపోతే ఎలా? ఒకసారి పాస్టరుగారి గొడుగు అమ్ముడుపోయింది. ఇంకోసారి మేనేజరు నోలీన్ కొత్త స్వెట్టరును ఆమె కళ్ళముందే ఎవరో వేసుకుని వెళ్ళిపోయారు. అందరూ పడీపడీ నవ్వారు.

ఎవరూ నవ్వని రోజు కూడా ఒకటుంది. కొట్టు మీద వచ్చిందంతా, మొగుళ్ళ దెబ్బలకు తాళలేక పారిపోయి వచ్చిన ఆడవాళ్ళు తలదాచుకునే ఇంటికి పోతుంది. ఆ ఇంటి నుంచి సాయం చేద్దామని వచ్చిన ఒక పిల్లతల్లి, తన బిడ్డ ఊలు టోపీని కుర్చీ మీద పెట్టి మరిచిపోయింది. గంటలో అది అమ్ముడుపోయింది. ఆ అమ్మాయి ఏడుస్తుంటే గ్లెనిస్, "కుర్చీ మీద పెడితే అంతేనమ్మా. అయినా మంచి పనికే పోయిందిగా" అంది. ఆ అమ్మాయి మళ్ళీ రాలేదు. గ్లెనిస్ కూడా ఆ సంగతి మళ్ళీ తలుచుకోలేదు.

ఈ జూలైలో, నడి చలికాలంలో, కొట్లోకి ముగ్గురు డిజైనర్లు దిగారు. ముగ్గురూ మా టాస్మానియా దీవి పిల్లలే. జనం వద్దనుకున్న బట్టలతో కొత్త డ్రెస్సులు చేసి, టౌన్ హాల్లో ప్రదర్శన పెట్టి, వేలం వేసి, డబ్బంతా ఆ ఆడవాళ్ళ ఇంటికి ఇస్తామన్నారు. మంచి పనే, కాదనలేం. కాకపోతే వచ్చిన రోజు నుంచీ వెనక గది వాళ్ళదైపోయింది. ముగ్గురిలో పెద్దది టామ్సిన్. ఎవరు కనబడినా "బంగారం" అంటుంది. బొమ్మ గీయడం వచ్చు, కత్తెర ఆడించడం వచ్చు, మందం గుడ్డ కుట్టమంటే మాత్రం చేతులెత్తేస్తుంది. గ్లెనిసేమో పైజమాల ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్ళు మిషన్ తొక్కిన మనిషి. ఇంకేం, కళంతా వాళ్ళది, కుట్టంతా ఈవిడది అయింది.

ఆ మంగళవారం సముద్రం మీంచి ఈదురుగాలి కోసేస్తోంది. గ్లెనిస్ మెర్విన్ కోటు వేసుకుని వచ్చింది. మెర్విన్ ఆమె మొగుడు. కొండల్లో చెట్లు కొట్టేవాడు, పోయిన ఈస్టరుకి చనిపోయాడు. అతని బట్టలన్నీ ఆమె తన చేత్తోనే ఈ కొట్టుకి తెచ్చి, తన చేత్తోనే ధరలు గుచ్చింది. కన్నీటి చుక్క రాలలేదు. ఆ ఉన్ని కోటు ఒక్కటే ఉంచుకుంది. లోపలి వైపు నారింజ రంగు దారంతో కుట్టిన జేబు ఉంది. కళ్ళజోడు మాటిమాటికీ విరగ్గొట్టుకుంటున్నాడని ఆవిడే కుట్టింది. ఫ్యాక్టరీలో మిగిలిన దారం అది. కోటుకి ఇంకా రంపం నూనె వాసన ఉండేది. ఆ వాసన కోసమే దాన్ని ఉతకలేదు.

కొక్కేలన్నిటికీ డిజైనర్ల సంచులూ, కోట్లూ, కెమెరాలూ. బయట సంచుల వ్యాను వచ్చిందని నోలీన్ కేకేసింది. ఒక్క నిమిషమే కదా అని గ్లెనిస్ కోటును కుర్చీకి తగిలించి వెళ్ళింది. సంచులన్నీ దింపుకుని వచ్చేసరికి కుర్చీ ఖాళీ. బట్టలు వేలాడే స్టాండులన్నీ వెతికింది. గల్లా దగ్గర అడిగితే అలాంటిది అమ్మలేదన్నారు. డిజైనర్లు అప్పటికే వెళ్ళిపోయారు, మర్నాడూ రాలేదు. ఆ రెండు రోజులూ ఆమెకు అన్నం సయించలేదు.

గురువారం టామ్సిన్ ఒక కట్ట తెచ్చి మిషన్ పక్కన పెట్టింది. "ఇంత మందం నా మిషన్ మింగట్లేదు, బంగారం. నువ్వే కలిపి కుట్టాలి."

పైనున్న ముక్క మీద నారింజ దారం జేబు ఉంది.

గ్లెనిస్ ముక్కలన్నీ బల్ల మీద పరిచింది. వీపును నాలుగు చీలికలు చేశారు. చేతులు నిలువునా చీల్చారు. తిరిగి కోటుగా కూర్చే ఆశ లేదని ముప్పై ఏళ్ళ పనితనం చూడగానే చెప్పేసింది. ముక్కుకి ఆనించుకుని వాసన చూసింది. లావెండర్ సబ్బు వాసన వచ్చింది. టామ్సిన్ ముందే ఉతికేసింది.

"ఇది నాదమ్మా. మా ఆయనది" అంది.

టామ్సిన్ మొహం పాలిపోయింది. కుర్చీ మీదుంటే తీసుకున్నానంది, కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నోలీన్ వచ్చి, ఏం జరిగిందో విని, మెల్లగా అంది: "ఒసే గ్లెన్, ఆ రూలు నువ్వు పెట్టిందేగా."

గ్లెనిస్ ముక్కలన్నీ దగ్గరికి లాక్కుంది. కోపం ఎవరి మీద చూపించాలి? ముక్కలుగా వదిలేస్తే తుడుపుగుడ్డల సంచిలోకే పోతుంది. అందుకని కుడతానంది. ఒక్కటే అడిగింది: ప్రతి డ్రెస్సుకీ ఒక కార్డు చదువుతారు కదా, దానిలో మెర్విన్ పేరు ఉండాలి. టామ్సిన్ గుండె మీద చెయ్యి వేసుకుని ఒట్టు పెట్టింది.

రెండు రోజులు కుట్టింది గ్లెనిస్. జన్మలో అంత మంచి కుట్టు వేయలేదు. జేబును టామ్సిన్ చెప్పినట్టే పైకి తిప్పి గుండె దగ్గర పెట్టింది. పోనీలే, పేరు మిగులుతుంది అనుకుంది.

శనివారం టౌన్ హాలు కిటకిటలాడింది. పొడవాటి పిల్ల ఒకతి ఆ డ్రెస్సు వేసుకుని నడుస్తుంటే జనం ఆహా అన్నారు. మైకులో కార్డు చదివారు: "పేరు తెలియని ఓ కూలీ కోటు. ఎవరికీ అక్కర్లేక, ఎవరూ అడగక, దిక్కులేకుండా పడి ఉంటే టామ్సిన్ దానికి ప్రాణం పోసింది." చప్పట్లు మోగాయి. వేలంలో అన్నిటికన్నా ఎక్కువ పలికింది అదే.

గ్లెనిస్ తెర వెనక్కి వెళ్ళి ఒట్టు ఏమైందని అడిగింది.

"పేరు పెట్టే రాశాను, బంగారం. చదివితే చప్పగా ఉంది. ఎవరిదో తెలియకపోతేనే జనం మనసు కరుగుతుంది. ఎంత పలికిందో చూశావుగా? అంతా ఆ ఆడవాళ్ళకేగా." టామ్సిన్ ఆమె భుజం నిమిరింది. "మంచి పనికే పోయిందిగా."

చెంప పగలగొట్టాలనిపించింది గ్లెనిస్‌కి. చెయ్యి లేవలేదు. అదే మాట, అక్షరం పొల్లు పోకుండా, ఊలు టోపీ కోసం ఏడ్చిన పిల్లతో తనే అంది. ఆ పిల్ల పేరేమిటో ఎంత ఆలోచించినా గుర్తుకు రాలేదు.

డ్రెస్సు కొనుక్కున్నావిడ హోబార్ట్ పట్నంలో డాక్టరుగారి భార్య. గ్లెనిస్ దాన్ని కాగితంలో మడతపెడుతుంటే పక్కనే నిలబడి, నారింజ దారాన్ని వేలితో తడిమింది.

"పాపం, ఆ మనిషికి ఎవరూ ఉండి ఉండరు, కదండీ?"

"ఎందుకు లేరు? పెళ్ళాం ఉంది" అంది గ్లెనిస్, కాగితానికి టేపు అంటిస్తూ. "కుర్చీ మీద వదిలేసి వెళ్ళింది."

ఆవిడ అర్థం కాక చిన్నగా నవ్వి, పొట్లం తీసుకుని కారెక్కింది. గ్లెనిస్ స్వెట్టరు మెడ దాకా లాక్కుని, గాలికి ఎదురు నడుచుకుంటూ ఇంటికి పోయింది.