కుండ స్పీకర్లు

చిత్రావతి ఏటికి వరదొచ్చిన ఏడాది అది. నా కారులో కంపెనీ స్పీకర్లు గరగరమంటాయని పెండ్లి బాడుగకు ఎవ్వరూ పిలవలేదు. ధర్మవరం పెండ్లివాళ్ళు మాత్రం కారు చూసి చెప్తామన్నారు. ఇదీ పోతే కారు అమ్ముకోవాల్సిందే, నాకు ఇంకే పనీ రాదు. కొత్తవి కొనలేక, హిందూపురం సంతలో రెండు మట్టికుండలు తెచ్చి, వాటి మూతులకు ఆ పాత స్పీకర్లే బిగించి వెనక అద్దం కింద పెట్టినా. పాట గుండెకు తగిలినట్టు వచ్చింది.

ధర్మవరంలో పెండ్లివాళ్ళింటి ముందర కారు నిలిపితే, పెండ్లికూతురి అవ్వ కుళ్ళాయమ్మ లోపలికి తొంగి చూసింది.

"ఏమప్పా, పెండ్లికొచ్చినావా, పీనుగ కాడికొచ్చినావా? ఈ కుండలేంది?"

"పాట బాగుంటాదని, అవ్వా."

"పో పో. రేపటికి వేరే కారు చూసుకుంటాం."

కారు తిప్పుకొని వచ్చేసినా.

తెల్లారి ఆ కుండలకు సున్నం పూసి, పసుపు కుంకుమ బొట్లు పెట్టి, పెండ్లి కుండల మాదిరి చేసి, మళ్ళా వాళ్ళింటి ముందరే కారు నిలిపి పాట పెట్టినా.