అబ్జెక్షన్ ఉంది

మా అత్త దేముడమ్మకి ఇంగ్లీషు మాటలు చాలానే వచ్చు. సెల్లు, బస్సు, చార్జింగు, టెన్షను. ఇవన్నీ ఆమె లెక్కలో తెలుగు మాటలే. అబ్జెక్షన్ అనే మాట మాత్రం ఆమె వినడమే కానీ ఎన్నడూ వాడింది లేదు. వాడే అవకాశం ఎక్కడ? మా కొండల్లో ఆ మాట ఎప్పుడూ 'లేదు' అనే తోకతోనే తిరుగుతుంది. "మీ గట్టు మీద కరెంటు స్తంభం వేస్తాం, అబ్జెక్షన్ లేదు కదా?" "మీ ఇంటి ముందు ఫొటో తీసుకుంటాం, అబ్జెక్షన్ లేదు కదా?" అడిగేవాడే జవాబు కూడా మోసుకొస్తాడు. అబ్జెక్షన్ ఉందని ఎవరైనా అనగా నేనైతే వినలేదు.

నేను ఈ ఊటగెడ్డ ఊరి కోడలిని, రమణి నా పేరు. పుట్టింది పెదబయలు దగ్గర, చదివింది ఇంటరు, నోరు కాస్త పెద్దది. కాపురానికి వచ్చిన కొత్తలో నాకు అన్నిటికన్నా వింతగా తోచింది వీళ్ళ సభ. ఊరి పెద్ద పిలిస్తే అందరూ పనస చెట్ల కింద చేరతారు. మాట నడుస్తుంది. ఒప్పుకున్నవాళ్ళు ఒక్కొక్కరే లేచి, బట్టలు దులుపుకుని వెళ్ళిపోతారు. ఒప్పుకోనివాళ్ళు నోరు మెదపకుండా కూర్చునే ఉంటారు. ఆఖరి మనిషి లేచేదాకా ఆ పని ముందుకు కదలదు. చీకటి పడేదాకా ఒక్కరు కూర్చున్నా ఇక ఆ పని మానేసినట్టే.

మొహం మీద కాదనడం ఇక్కడ తిట్టుతో సమానం. అందులోనూ బయటినుంచి వచ్చిన మనిషిని కాదంటే ఊరి పరువు పోయినట్టే. ఒకసారి పశువుల దారి గురించి మాటొచ్చినప్పుడు చిన్నమ్మలు అనే ముసలామె పొద్దుగూకేదాకా ఒక్కతే కూర్చుంది. ఎందుకు కూర్చున్నావని ఎవరూ అడగలేదు. మర్నాడు పశువుల్ని వేరే దారిన తోలారు. మా పుట్టింటివైపు అయితే ఆపాటికి రెండు తలకాయలు పగిలేవి.

పోయిన వేసవిలో సర్వేశ్వరరావుగారనే ఆఫీసరు జీపులో వచ్చి సభ పెట్టారు. పాపకి జ్వరమని నేను అప్పుడు పుట్టింట్లో ఉన్నాను. బొర్రా గుహలు చూసి వచ్చే టూరిస్టులకి మా ఊరి పైవాలులో గదులు కడతారట, ఊట పక్కన బోర్లు తవ్వుతారట. ఏజెన్సీలో గ్రామసభ ఒప్పుకుంటేనే అలాంటి పనులు సాగుతాయి. ఆయన అంతా నెమ్మదిగా, మర్యాదగా చెప్పి, పిల్లలకి బిస్కట్లు పంచి, ఎవరికైనా అబ్జెక్షన్ ఉందా అని అడిగారట. ఎవరూ కదల్లేదు. మళ్ళీ అడిగారట. అప్పుడూ కదల్లేదు. ఆయన సంతోషంగా అందరికీ దండం పెట్టి జీపెక్కారు. మావాళ్ళు చీకటి పడేదాకా అక్కడే కూర్చున్నారు. ఊరు ఊరంతా కూర్చున్నాక ఇంకెవరికి అనుమానం ఉంటుందని, ఇళ్ళకి పోయి హాయిగా నిద్రపోయారు.

నేను తిరిగొచ్చేసరికి ఊట చుట్టూ ఎర్ర రంగు పూసిన సర్వే మేకులు దిగి ఉన్నాయి.

ఆ ఊట నీళ్ళే ఊరంతా తాగుతుంది. కాఫీ పళ్ళు కడిగేది ఆ నీళ్ళతోనే. కింద మా అత్త పెంచిన కాఫీ మొక్కలకి చెమ్మ అందేదీ దానివల్లే. ఎండాకాలంలో బిందె నిండడానికి అరపూట పట్టే ఊట పక్కన బోర్లు దింపితే ఇంకేం మిగులుతుంది? నేను ఆఫీసరుకి ఫోన్ చేశాను. సభ పెట్టాం కదమ్మా, ఒక్కరూ అబ్జెక్షన్ చెప్పలేదు కదా అన్నారాయన. నాకు ఒళ్ళు మండింది. ఆయన మీదా మండింది, మావాళ్ళ మీదా మండింది. కూర్చోవడమంటే మా ఊళ్ళో ఏమిటో గట్టిగానే చెప్పాను. ఆయన అంతా విన్నారు. తర్వాత, మళ్ళీ సభ పెడతాననీ, కానీ కూర్చోవడాన్ని తాను రాసుకోలేననీ, నోటితో చెప్పాలనీ అన్నారు. మంచి మనిషేనని అప్పుడనిపించింది.

నోరు తెరవాలన్న మాట వినగానే ఊరి పెద్ద గాసి తల అడ్డంగా ఊపాడు. ఆయన మా మావకి అన్న. ఇంటికొచ్చిన మనిషికి తన ముందున్న అంబలి గిన్నె జరిపే రకం. మనూరు వచ్చిన మనిషిని మొహం మీద కాదంటామా అని ఆయన బాధ. పోనీ నేను చెప్తానన్నాను. నిన్న వచ్చిన కోడలు నేర్పిన మాట అనుకుంటారని అదీ వద్దన్నాడు. నీళ్ళు పోయాక మర్యాద తాగుతారా అని నోటిదాకా వచ్చింది. పెద్దాయన కదా అని మింగేశాను.

ఆ సాయంత్రం మా అత్త పొయ్యి దగ్గర నన్ను కూర్చోబెట్టింది.

"ఆ మాటకి అర్దం ఏటే గుంటా? తిట్టా?"

కాదన్నాను. పోనీ దెబ్బలాటకి పిలవడమా అని అడిగింది. అదీ కాదన్నాను. ఎలా చెప్పాలో నాకూ చప్పున తోచలేదు. ఈ పని నాకు సమ్మతం కాదు, నా మాట విన్నాకే ముందుకి అడుగెయ్యండి అని చెప్పడమే అత్తా అన్నాను.

ఆమె పొయ్యిలో పుల్ల ఎగదోసింది.

"అంటే కూకోడమే. నోటితో కూకోడం."

అంత బాగా నాకు ఇంటరులో కూడా ఎవరూ చెప్పలేదు. ఆ మర్నాటినుంచి కాఫీ తోటలో ఆమె సాధన మొదలైంది. మిరియం తీగకి చెప్పింది, మేకకి చెప్పింది. మనిషి ఎదురుపడితే మాత్రం నోరు మూతపడేది. తప్పు చేస్తున్నట్టుందే అని ఒకసారి నా భుజం మీద తల పెట్టుకుంది. నాకు జాలేసింది. నోరున్నదాన్ని కనక నాకు తేలిక, ఆమెకి అది ఇన్నేళ్ళ ఊరి మర్యాదకి ఎదురెళ్ళడం. వద్దులే అత్తా అనబోయాను. అనకముందే లేచి, మేక చెవి పట్టుకుని మళ్ళీ మొదలుపెట్టింది.

రెండో సభకి ఊరంతా వచ్చింది. సర్వేశ్వరరావుగారు సంగతంతా మళ్ళీ వివరించి, ఎవరికైనా అబ్జెక్షన్ ఉందా అని అడిగారు. ఎప్పట్లాగే ఎవరూ కదల్లేదు. మా అత్త చెయ్యి నా చేతిలో ఉంది.

"ఉన్నాది," అంది.

ఆయన కలం తీసి, లేచి నిలబడి చెప్పమ్మా అన్నారు.

"లేవను బాబూ. లేత్తే ఒప్పుకున్నట్టు. కూకునే సెప్తాను. నాకు అబ్జెక్షన్ ఉన్నాది. ఆ ఊట ఎండిపోతే మేం ఏటి తాగాల?"

మాట తొణకలేదు. ఆయన రాసుకున్నారు. 'ఒక్కరు' అని లెక్కపెట్టారు. ఇంకెవరైనా ఉన్నారా అని చుట్టూ చూశారు. అందరూ రాళ్ళలా కూర్చున్నారు. ఊరంతా కాదంటోంది, ఆయన పుస్తకంలో మాత్రం ఒక్క పేరే ఉంది. మిగతావాళ్ళకి లేదని రాసుకోనా అని అడిగారాయన.

నాకు నోరు ఆగలేదు, తెరవబోయాను. మా అత్త నా చెయ్యి నొక్కింది. ఆమె నన్ను చూడటం లేదు, గాసి మావని చూస్తోంది. అడగడం లేదు, బతిమాలడం లేదు, ఊరికే చూస్తోంది. ఆయన తలకి చుట్టిన తువ్వాలు విప్పాడు. మళ్ళీ చుట్టుకోబోయి ఆగి, ఒళ్ళో పెట్టుకున్నాడు. రెండు చేతులూ జోడించాడు.

"బాబూ, నువ్వు మంచోడివి. మా ఇంట టీ తాగి ఎల్లు. కానీ నాకూ అబ్జెక్షన్ ఉన్నాది."

ఆ తర్వాత చిన్నమ్మలు అంది. ఆమె పక్కన మోసెస్, మోసెస్ వెనక రత్న. ఆ ఇంగ్లీషు మాట పలకడం రానివాళ్ళు ఉన్నాది అని మాత్రం అన్నారు. అందరూ కూర్చునే అన్నారు. సర్వేశ్వరరావుగారు అడిగి అడిగి ప్రతి పేరూ రాసుకున్నారు. సభ ఒప్పుకోలేదని పైకి రాస్తాననీ, మేకులు తీయిస్తాననీ అందరూ వినేలా చెప్పారు. పైవాళ్ళు మళ్ళీ అడగమంటే మళ్ళీ రావాల్సి ఉంటుందని కూడా దాచకుండా చెప్పారు.

గాసి మావ ఆయనకి టీ తాగించి, జీపుదాకా వెళ్ళి సాగనంపి వచ్చాడు. వచ్చి చెట్టు కింద కూలబడ్డాడు. కళ్ళు తడిగా ఉన్నాయి. మా అత్త చెంబుతో నీళ్ళిచ్చి, దూరంగా నిలబడింది.

నాకెప్పుడూ సమయం సందర్భం తెలియదు. ఆయన మళ్ళీ వస్తే ఏం చేద్దాం పెద్దమావా అని అడిగేశాను.

ఆయన చెంబెడు నీళ్ళూ తాగి, మూతి తుడుచుకున్నాడు.

"మల్లీ సిగ్గుపడతాను," అన్నాడు. "మల్లీ సెప్తాను."