నాలుగు గంటలకోసారి

ఓట్స్‌కి పొదుగెక్కడిది, పాలెక్కడివి, గింజలు నానబెట్టి రుబ్బి వడగడితే వచ్చేది గంజి, డబ్బా మీద పాలు అని రాయడానికి ఈ దేశపు చట్టం కూడా ఒప్పుకోదు, అని శారదాదేవి అనలేదు, అనుకుంది, పొద్దున వంటింట్లో కూతురూ అల్లుడూ ఆ డబ్బాని మధ్యన పెట్టుకుని వాదించుకుంటున్నప్పుడూ అనలేదు, ఇప్పుడు యూ-బాన్‌ రైల్లో కూతురి పక్కన కూర్చుని, పదకొండు నెలల మనవరాలు ఈషా బండి కదలకుండా చక్రానికి కాలు అడ్డం పెట్టీ అనలేదు, ముప్ఫై నాలుగేళ్లు ఈ మ్యూనిక్‌లో పిల్లల డాక్టరుగా పనిచేసిన మనిషి, సొంత మనవరాలి పాల సంగతి వచ్చేసరికి నోటికి తాళం వేసుకుని కూర్చోవాలి, విక్రాంత్ పాపం ఒక మాట తనవైపు తోశాడు, హైదరాబాదు కుర్రాడు, పెద్దల్ని అడగాలనే తెలివి ఇంకా ఉంది, డాక్టర్ ఏం చెప్పిండు సంయుక్తా, ఏడాది నిండినంక ఆవుపాలు ఇయ్యొచ్చన్నడు గదా, నువ్వు మళ్ల పాడ్‌కాస్ట్ అంటవేంది, అత్తమ్మా మీరైనా చెప్పుండ్రి అన్నాడు, తను నోరు తెరిచేలోపే సంయుక్త నవ్వుతూ, ఆ నవ్వే తను మింగలేకపోతున్నది, మమ్మీని అడక్కు విక్రాంత్, మమ్మీ నాకు డబ్బాపాలు గడియారం చూసి పట్టింది, నాలుగు గంటలకోసారి, ఫెర్టిగ్, అనేసింది, ఫెర్టిగ్ అట, అంతే అట, అయిపోయిందట, నలభై మూడేళ్ల సంగతి ఒక్క జర్మన్ మాటతో కట్టేసి, ఈషాని చూసే డాక్టరుగారికి అరవై దాటాయి కాబట్టి ఆయనకి కొత్త విషయాలు తెలియవంది, తన హెబామె, అంటే ఇంటికొచ్చి బాలింతని చూసిపోయే ఇక్కడి మంత్రసాని, రెండేళ్ల వరకూ తన పాలే ఇవ్వమందంది, ఫోనులో ఇంకెవరో ఆవుపాలు దూడలకే అన్నారంది, చివరికి విక్రాంత్‌కి ఆఫీసు పని తగిలి, తల్లుల క్లాసుకి తోడు రావలసిన చోటు ఖాళీ అయింది, అమ్మమ్మలూ రావచ్చట మమ్మీ, వస్తావా అంది, వస్తానంది తను, ఎందుకు రాదు, దోషిని బోనులోకి రమ్మంటే తల దించుకుని రావాలా, తలెత్తుకునే వస్తుంది.

తప్పేం చేసింది తను, పుస్తకంలో ఉన్నది చెప్పింది, ప్రొఫెసర్లు చెప్పింది చెప్పింది, నాలుగు గంటలకోసారి పట్టండి, మధ్యలో ఏడిస్తే ఊపిరితిత్తులకి బలం, ఎత్తుకుని అలవాటు చేయకండి, పట్టే ముందు బరువు తూచండి, పట్టాక తూచండి, తేడా రాసుకోండి, అలా చెప్తే తల్లులు బుద్ధిగా తలూపి చీటీ మడిచి సంచిలో పెట్టుకుని వెళ్లేవారు, ఆ పిల్లలేమైనా కుంగిపోయారా, మొన్న శుక్రవారం సంతలో చిక్కుడుకాయలు ఏరుకుంటుంటే ఆరడుగుల మనిషొకడు వచ్చి ఫ్రావ్ డాక్టర్ రావ్, నన్ను గుర్తుపట్టారా, నా చెవిలోంచి మీరు బఠాణీ గింజ తీశారు అన్నాడు, వాడిప్పుడు బస్సు నడుపుతున్నాడు, వాడూ నాలుగు గంటల పిల్లాడే, ఈ స్టేషన్లో ఎక్కి దిగే యాభై ఏళ్ల వాళ్లంతా నాలుగు గంటల పిల్లలే, ఎవరికి తక్కువయింది ఎముక, ఎవరికి తక్కువయింది బుద్ధి, సంయుక్త మాత్రం, నలభై దాటాక కన్న బిడ్డ కాబట్టి కంటి రెప్ప వెయ్యకుండా కాపలా కాస్తున్న ఈ సంయుక్త మాత్రం, బల్లగుద్ది మాట్లాడే గొంతు ఎవరి దగ్గర తెచ్చుకుందట, మమ్మీ మన స్టేషన్, దిగు, అంది సంయుక్త, తను దిగింది, బండి ముందు చక్రాలు ఎత్తి పట్టుకుంది, ఈషా రెండు చేతులూ చాచి పైనున్న లైట్లని పిలిచింది.

గది బాగానే ఉంది, నేల మీద మెత్తలు, గోడకి తెర, పన్నెండు మంది తల్లులు, ఒక తండ్రి, ముసలిది తనొక్కతే, తన మోకాళ్లని చూసి ఎవరో కుర్చీ తెచ్చి వేశారు, క్లాసు చెప్పే ఫ్రావ్ లిండ్‌నర్‌కి ముప్ఫై ఉంటాయేమో, ఆహారశాస్త్రంలో పట్టా, గొంతు తేనె, ఆ తేనె గొంతుతో ఏ నెలలో ఏ పాలు ఎన్ని మిల్లీలీటర్లో చెప్తుంటే సంయుక్త ఫోనులో రాసుకుంటోంది, రాసుకోనీ, మంచివే చెప్తోంది, కొన్ని తనకీ కొత్తవే, ఎవరో సోయా అన్నారు, ఎవరో బాదం అన్నారు, ఆ ఒక్క తండ్రి మేకపాల గురించి అడిగి తనే జవాబు చెప్పుకున్నాడు, ఒకావిడ తన డాక్టరు ఇలా అన్నాడంటే ఇంకొకావిడ మా డాక్టరు అలా అన్నాడంది, ఇద్దరి మొహాల్లోనూ భయం ఒక్కటే, అప్పుడు ఫ్రావ్ లిండ్‌నర్ తెర మీద పాత ఫొటో ఒకటి వేసింది, తెల్లకోటు, గోడ గడియారం, వరసగా తొట్టెలు, అప్పటి డాక్టర్లు తల్లుల పాలు ఎండగట్టారు, బిడ్డల్ని ఏడిపించారు, మన అమ్మలూ అమ్మమ్మలూ ఇంకా ఆ సలహాలే ఇస్తారు, ప్రేమగా విని వదిలేయండి అంది, అందరూ నవ్వారు, సంయుక్త నవ్వలేదు, తనవైపు చూసి చూపు తిప్పుకుంది, పోనీ, ఫొటోలో తెల్లకోటుని అననీ, తను ఊరుకునేదే, నిజంగా ఊరుకునేదే, కానీ వెనక గోడ దగ్గర ఒక పిల్ల, ఇరవై రెండో ఇరవై మూడో, నాలుగు నెలల బిడ్డకి సీసా పడుతోంది, సీసా కనబడకుండా శాలువా లాక్కుంటోంది, ఫ్రావ్ లిండ్‌నర్ ఆమెని చూసి మరింత మెత్తగా, మీరెందుకు మానేశారు అనడిగింది, పాలు రాలేదండి అంది పిల్ల, మొదట్లో సరైన సాయం దొరికితే దాదాపు అందరికీ వస్తాయి అంది ఈవిడ, పన్నెండు తలలు వెనక్కి తిరిగాయి, ఆ పిల్ల సీసా బిడ్డ నోట్లోంచి తీసేసింది, వాడు ఇంకా చప్పరిస్తూనే ఉన్నాడు, గాలిని, ఆ పెదాల చప్పుడు శారదాదేవికి గది ఈ చివరికి వినిపించింది, వినిపించాక ఇక కూర్చోవడం ఆమె వల్ల కాలేదు.

లేచి నిలబడింది, మమ్మీ, బిట్టె, ప్లీజ్, అంది సంయుక్త కొంగు పట్టుకుని, కొంగు విడిపించుకుంది, నా పేరు డాక్టర్ శారదాదేవి రావ్ అంది జర్మన్‌లో, రిటైరయ్యాక పెద్దగా వాడని ఆ వార్డు గొంతుతో, మీరు తెర మీద పెట్టిన అప్పటి డాక్టర్లలో నేనొకదాన్ని, మీకున్నంత నమ్మకంతోనే చెప్పాను, మీ అంత మెత్తగానే చెప్పాను, నా దగ్గరా లెక్కలుండేవి, తల్లులు నా ముందు తలూపి ఇంటికెళ్లి ఏడ్చారు, ఆ సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది, మీ లెక్కలు తప్పని నేననను, ఒప్పే అయుండొచ్చు, నావీ అప్పుడు ఒప్పులే, కానీ ఒక తల్లి పాలసీసా దాచుకునేలా చేసే సలహా నలభై ఏళ్ల కిందటిదైనా ఈ పొద్దుటిదైనా నేనొప్పుకోను, ఫ్రావ్ లిండ్‌నర్ ఏదో అనబోయింది, నా ఉద్దేశం అది కాదని, ఉద్దేశం నాదీ మంచిదేనమ్మా అంది తను, తర్వాత ఆమెని వదిలేసి వెనక్కి నడిచింది, పన్నెండు జతల కాళ్లు ముడుచుకుని దారిచ్చాయి, ఏవమ్మా బరువెంత వీడు, ఆరు కిలోల ఎనిమిది వందలు అంది ఆ పిల్ల కళ్లు తుడుచుకుంటూ, తడి గుడ్డలు రోజుకెన్ని, ఆరు, ఒక్కోసారి ఏడు, మెడ నిలిపాడా, నిలిపాడు, ఇంకేం కావాలి నీకు, పట్టు, శాలువా తీసి పట్టు, వాడి మొహం నీకు కనబడొద్దూ, ఆ పిల్ల శాలువా తీసింది, బిడ్డ రెండు చేతులతో సీసాని లాక్కున్నాడు, గదిలో ఎవరో ముక్కు చీదారు, మేకపాల తండ్రి ఎందుకో చప్పట్లు కొట్టబోయి ఒక్క చప్పటతో ఆగిపోయాడు.

బయటికొచ్చాక సంయుక్త బండి తోసుకుంటూ ముందు నడిచింది, ప్లాట్‌ఫాం మీద బోర్డు రైలు ఆరు నిమిషాలని చూపిస్తోంది, పరువు తీశావంటుందేమో, అననీ, మళ్లీ పిలిస్తే మళ్లీ లేస్తాను, అని కూతురు అనని మాటకి జవాబు సిద్ధం చేసుకుంటుండగా ఈషా ఏడుపందుకుంది, సంయుక్త బెంచీ మీద కూర్చుని గడియారమూ చూడలేదు, ఫోనూ చూడలేదు, జాకెట్టు జిప్పు లాగి బిడ్డని దగ్గరికి తీసుకుంది, పక్కన ఎవరో పేపరు మడిచి అటు తిరిగారు, ఈషా ఒక కాలితో తల్లి పొట్టని తన్నుతూ తాగుతోంది, కాసేపటికి సంయుక్త తలెత్తకుండా, నేను ఏడ్చేదాన్నా మమ్మీ అంది, తను వెంటనే, అప్పుడు మాకు తెలియదే అమ్మా అనబోయింది, ఎన్నేళ్లుగానో సిద్ధంగా ఉన్న మాట, పొద్దున్నుంచీ పళ్ల మధ్యే ఉన్న మాట, అప్పుడు మాకు, దాకా వచ్చి ఆగిపోయింది, ఎందుకంటే బాపట్లలో సుభద్ర పిన్ని బియ్యంలో రాళ్లేరుతూ, చేట అలా ఒళ్లోనే ఉండగా, ఏడ్చిన బిడ్డని అందుకుని చెంగు కప్పేసేది, రోజుకి ఎన్నిసార్లో ఎవరూ లెక్కపెట్టలేదు, ఆ వసారాలో ఎక్కాలు వల్లెవేస్తూ తను చూస్తూనే ఉండేది, తెలియకపోవడమేమిటి, ఎనిమిదేళ్లకే తెలుసు, సంయుక్త పుట్టిన ఆసుపత్రి తను ఉద్యోగం చేసే ఆసుపత్రే, బిడ్డ అద్దాల గదిలో, తన భర్త వెంకటరామారావుగారు అద్దానికి నుదురు ఆనించి చూసి వెళ్లేవారు, తను వార్డు మంచం మీద, పదింటికి తెస్తారు, మళ్లీ రెండింటికి తెస్తారు, మధ్యలో నడవా అవతల ఎనిమిది మంది పిల్లలు ఏడుస్తుంటే అందులో తన బిడ్డ ఏడుపు ఏదో విడిగా తెలిసేది, రవిక తడిసిపోయేది, పెద్ద డాక్టరు రౌండ్లకొచ్చి, చుట్టూ ఆరుగురు జూనియర్లని వేసుకుని, నవ్వుతూ అడిగాడు, మీ దేశంలో పాలెలా పడతారు ఫ్రావ్ రావ్, అని, ఆరుగురూ తనవైపు చూశారు, చేట, చెంగు, పిన్ని, అన్నీ నాలుక మీదికి వచ్చాయి, అక్కడ ఇంకా శాస్త్రీయ పద్ధతి రాలేదండి అంది తను, ఆయన మెచ్చుకోలుగా తలూపి పక్క మంచానికి వెళ్లాడు, ఇంటికొచ్చి ఎనిమిది వారాలు కాగానే డ్యూటీలో చేరి, డబ్బాపాలు, నాలుగు గంటలు, చీటీలు, ముప్ఫై నాలుగేళ్లు.

మమ్మీ, అడిగితే చెప్పవేం, ఏడ్చేదాన్నా, అంది సంయుక్త మళ్లీ, కోపంగా కాదు, రైలు వచ్చి నిలబడింది, తలుపులు తెరుచుకున్నాయి, ఈషా ఇంకా తాగుతూనే ఉంది కాబట్టి ఇద్దరూ కదల్లేదు, తలుపులు మూసుకున్నాయి, రైలు పోయింది, పోనీ, ఏడ్చేదానివి అంది శారదాదేవి, చాలా ఏడ్చేదానివి, ఎత్తుకోవాలని నాకు తెలుసు, పుస్తకం అలా ఉంది, ప్రొఫెసర్ అలా అన్నాడు అని ఇన్నాళ్లూ చెప్పుకున్నాను, తెలియక కాదు సంయుక్తా, తెలుసు, పల్లెటూరిదాన్నంటారని తెలిసినది దాచుకున్నాను, క్షమించమని అడగలేదు, వెనక గోడ దగ్గర ఆ పిల్ల సీసా దాచుకున్నట్టే తను పిన్నిని దాచుకుంది, ఇంత చిన్న సంగతి ఒప్పుకోవడానికి నలభై మూడేళ్లు పట్టింది, పట్టనీ, ఇక దాచేది లేదు.