లీటరు ఆసిడ్‌కి మూడు జవాబులు

ఉదయం ఎనిమిదీ నలభైకి కాలేజీ కెమిస్ట్రీ ల్యాబ్‌లో బల్ల మీద మూడు అంకెలున్నాయి: 54, 98, 100. ఒక మోలార్ గాఢత ఉన్న సల్ఫ్యూరిక్ ఆసిడ్ ఒక లీటరు కలపాలి. సీసాలోని గాఢమైన ఆసిడ్ ఎంత తీసుకోవాలో తేలలేదు. విద్యార్థుల ప్రాక్టికల్ పరీక్ష పదింటికి.

54 ల్యాబ్ అసిస్టెంట్ కట్టిన లెక్క. 98 ఆమెకు ముందు పనిచేసి రిటైరైన అసిస్టెంట్ నోటుబుక్కులో ఉంది. 100 స్టోర్ కీపర్ మాట. ఆయన్ని అందరూ బాబాయ్ అంటారు.

పోయిన నెల ఆమె కలిపిన ద్రావణం తప్పడంతో పరీక్ష మళ్లీ పెట్టారు. ఇంకోసారి తప్పితే ఉద్యోగం ఉండదని హెడ్ మేడం కాగితం ఇచ్చారు.

"వందే అమ్మాయ్. పాతాయన ప్రతిసారీ నా ముందే వంద అనేవాడు. నా బట్టతల మీద ఒట్టు."

"మరి తొంభై ఎనిమిది అని రాశాడేంటి బాబాయ్?"

"రాసింది నేను చూడలేదు. అన్నది విన్నాను."

"యాభై నాలుగు చాలిన చోట వంద పోస్తే రెట్టింపు ఘాటవుతుంది. వంద కావాల్సిన చోట యాభై నాలుగు పోస్తే నా పని అయిపోతుంది."

"ఎటు తిప్పినా అయిపోయేది నీ పనే."

ఆమె సీసా లేబుల్ చదివింది. బరువులో 98 శాతం. లీటరు బరువు 1.84 కిలోలు. పుస్తకం తీస్తే ఆసిడ్ అణుభారం కూడా 98.

"ఇక్కడా తొంభై ఎనిమిదే, అక్కడా తొంభై ఎనిమిదే. లెక్కలో దేన్ని దేనితో కొట్టేశానో నాకే తెలీట్లేదు."

మళ్లీ కట్టింది. 53.3 వచ్చింది. ఇంకోసారి కట్టింది. 54.3.

తొమ్మిదీ ఐదుకి గ్లవ్స్, కళ్లద్దాలు పెట్టుకుని మెజరింగ్ జార్ అందుకుంది.

"పాతాయన అది ముట్టేవాడు కాదు. కాటా మీదే పోసేవాడు," అన్నాడు బాబాయ్.

"ఈ మాట ఇప్పుడా చెప్పేది?"

"నువ్వు అడిగావా?"

ఆమె ఖాళీ బీకరు కాటా మీద పెట్టి సున్నా చేసింది. జార్‌తో 54 మిల్లీలీటర్లకు కొంచెం పైగా కొలిచి అందులో పోసింది. కాటా 99.8 గ్రాములు చూపింది.

"చూశావా, వంద!"

"గ్రాములు, బాబాయ్. అందులో నీళ్లు పోను అసలు ఆసిడ్ తొంభై ఎనిమిది."

"అంటే ముగ్గురిదీ రైటేనా?"

"అలాగే ఉంది. అందుకే ఇంకా భయమేస్తోంది."

తొమ్మిదీ పదిహేనుకి ఆసిడ్‌ని నీళ్లలోకి కొద్దికొద్దిగా పోస్తూ కలిపింది. నీళ్ల బీకరు చెయ్యి కాలేంత వేడెక్కింది. ఐస్ టబ్‌లో అరగంట ఉంచి, చల్లారాక లీటరు గీత దాకా నీళ్లు నింపింది.

సరిగా కుదిరితే ఆ ఆసిడ్ పది మిల్లీలీటర్లకు ఒక మోలార్ సోడియం హైడ్రాక్సైడ్ ఇరవై మిల్లీలీటర్లు పట్టాలి. తొమ్మిదీ యాభై రెండుకి ఆమె చేసిన పరీక్షలో 21.3 వచ్చింది.

"చెయ్యి వణికి ఎక్కువ పడింది," అంది.

"చెయ్యి వణికిందా, లెక్క వణికిందా?" అన్నారు లోపలికి వచ్చిన హెడ్ మేడం. ఆమెను పక్కకు జరగమని తనే రెండోసారి చేశారు.

తొమ్మిదీ యాభై ఎనిమిదికి, హైడ్రాక్సైడ్ కొలిచే గాజు గొట్టం బ్యూరెట్ మీద రీడింగ్ 20.0.