పక్కింటి మెట్లు

"నాలుగు కప్పులు టీ పెట్టు, ఒకటి పంచదార లేకుండా" అని ముందుగదిలోంచి కేకేశాడు గురునాథరావు. ఇల్లు చూడ్డానికి వచ్చినవాళ్లలో షుగరు ఎవరికుందో ఆయన గుమ్మంలోనే కనుక్కున్నాడు. ఇల్లు అమ్మడం భార్యకి ఇష్టమో కాదో కనుక్కోవాలని మాత్రం ఇన్ని నెలల్లో ఒక్కసారీ తోచలేదు.

జ్ఞానప్రసూన స్టవ్ వెలిగించి గిన్నె పెట్టింది. నాలుగు కప్పుల లెక్కలో ఆవిడ కప్పు లేదు. ఆ తొంభై ఏడు వేసవిలో ఇల్లు కొంటామని వచ్చిన వాళ్లందరికీ టీలూ పకోడీలూ అందించింది ఆవిడే. ప్రతివాళ్లూ కుళాయి తిప్పి చూశారు, గోడ మీద వేలితో కొట్టి చూశారు, వంటింట్లోకి తొంగిచూసి "చిన్నది" అని పెదవి విరిచారు, ఆవిడ అక్కడే నిలబడి ఉండగా. గురునాథరావు అందరికీ ఒకటే పాఠం అప్పజెప్పేవాడు. "దగ్గరుండి కట్టించినానండీ, ఒక్కో ఇటుకా నా కళ్లముందు పేర్చిందే" అని. ఆ మాట విన్నప్పుడల్లా ఆవిడకి ముందు నవ్వొచ్చేది, తర్వాత ఒళ్లు మండేది. ఇల్లు కట్టినన్నాళ్లూ ఆయన భిలాయి స్టీల్ ప్లాంటులో షిఫ్టులు చేసుకున్నాడు. సెక్టర్ 2 క్వార్టర్లో వంట ముగించి, ఆయన సైకిలుకి టిఫిన్ డబ్బా తగిలించి, రిక్షా దొరికితే రిక్షాలో, దొరక్కపోతే ఎండలో నడిచి స్మృతి నగర్ వచ్చి గోడలు తడిపింది ఆవిడ. మేస్త్రీతో పోట్లాడింది ఆవిడ. కూలీలకి టీ కాచిందీ, సిమెంటు బస్తాలకి కాపలా కూర్చున్నదీ ఆవిడే. దాన్ని పని అని ఎవరూ అనలేదు. "ఇంట్లోనే ఉంటాది కదా, ఖాళీయే" అని ఆయన స్నేహితులతో అనేవాడు.

కాగితాల్లో మాత్రం ఇల్లు ఆవిడది. సొంత ఇల్లున్నవాడికి క్వార్టరు ఉంచరని ఎవరో క్యాంటీన్లో భయపెడితే హడలిపోయి స్థలం భార్య పేరున రాయించాడు. "పేరు నీది, ఇల్లు నాది" అని నలుగురిలో నవ్వుతూ అనేవాడు. నలుగురూ నవ్వేవారు. ఆవిడ కూడా నవ్వి పకోడీల పళ్లెం ముందుకి జరిపేది.

ఇప్పుడు రిటైరయ్యాడు కనక ఇల్లమ్మేసి వైజాగ్ వెళ్లిపోవాలట. ఆయన అన్నగారు సుబ్రహ్మణ్యం ఉంటున్న బిల్డింగులోనే కింద వాటా అమ్మకానికి ఉందట. "మా వదినకి మోకాళ్లు పనిచెయ్యట్లేదు. నువ్వుంటే రెండు కుటుంబాలకీ ఒక్క పొయ్యి సరిపోద్ది" అన్నాడు, వరం ఇస్తున్నట్టు. ఆ పొయ్యి సంగతి ఆవిడకి బాగా తెలుసు. పెళ్లయిన కొత్తలో విజయనగరంలో ఆ ఉమ్మడి వంటింట్లో పొగకి కళ్లు వాచిపోయేవి. "చిన్నకోడలి చేతి పులుసే పులుసు" అని అత్తగారు మెచ్చుకునేది, మెచ్చుకున్న ప్రతిసారీ ఇంకో ఇద్దరు చుట్టాలు దిగేవారు. ఆయనకి భిలాయిలో ఉద్యోగం వచ్చి రైలెక్కిన రోజున అందరి ముందూ కళ్లొత్తుకుంది గానీ, రైలు కదలగానే కాళ్లు చాపుకుని హాయిగా నిద్రపోయింది. మళ్లీ ఆ పొయ్యి దగ్గరికే వెళ్లాలంటే, ఈ వయసులో, ఆవిడకి రాత్రిళ్లు కునుకు పట్టడం లేదు. ఇల్లు అమ్ముడుపోకూడదని దేవుడికి దండం పెట్టుకోవడం, వచ్చినవాళ్లకి పకోడీలు వేయించడం, రెండూ ఆవిడే చేస్తోంది.

టీ, పకోడీలు తీసుకెళ్లేసరికి ఉదయ్‌కుమార్ కిటికీ దగ్గర నిలబడి బయటికి చూస్తున్నాడు. ప్లాంటులో కుర్ర ఇంజనీరు. భిలాయిలోనే పుట్టినవాడు కావడంతో తెలుగు మాట్లాడుతూ మాట్లాడుతూ హిందీలోకి జారిపోతాడు. భార్య సత్యశ్రీ, షుగరున్న తండ్రి సోఫాలో కూర్చున్నారు.

"అంకుల్, ఇల్లు మాకు పసంద్. లేకిన్ ఈ పక్కింటి మెట్లతో లఫ్డా ఉంది" అన్నాడు. "నేను ఇళ్ల ప్లాన్లు పాసుచేసే ఆఫీసులో కనుక్కున్నాను. వాళ్ల పై అంతస్తు నక్షాలోనే, అదే ప్లానులోనే లేదు. గోడకీ గోడకీ మధ్య వదలాల్సిన జాగాలో మెట్లు లేపేశారు. పైన మెట్ల చివరి చప్టా వచ్చి మీ పిట్టగోడని పట్టుకుంది. వాళ్లకి నోటీస్ కూడా వచ్చిందట. రేపు నేను కొన్నాక కోర్టూ కచేరీ అయితే? ఇలాంటిదుంటే బ్యాంకువాళ్లు లోన్ ఇవ్వరు."

"క్వార్టర్ల అలవాటు బాబూ, ఎక్కడికి పోద్ది" అన్నాడు గురునాథరావు తేలిగ్గా. అబద్ధం కాదు. క్వార్టర్లలో ప్రతివాళ్లూ వెనకాల ఓ రేకుల షెడ్డు దింపేవారు. ఎప్పుడో కంపెనీ మనుషులొచ్చి పీకేస్తే, వాళ్లు వీధి మలుపు తిరిగేలోపు మళ్లీ రేకులు లేచేవి. ముప్ఫయ్యేళ్లు అలా బతికినవాళ్లు సొంత ఇళ్లు కట్టుకున్నా నక్షా అంటే గోడకి తగిలించుకునే కాలెండరే అనుకున్నారు. "ఇప్పుడేటి చెయ్యాలంటావు?"

"రెండే దారులు. పక్కన ఉన్న ఓనరు, మతలబ్ మీరు, కంప్లైంట్ ఇస్తే మెట్లు తీయించేస్తారు. అభ్యంతరం లేదని రాసిస్తే వాళ్ల దగ్గర జరిమానా కట్టించుకుని వదిలేస్తారు. అప్పుడు మెట్లు ఎప్పటికీ ఉండిపోతాయి. అలాగైతే నాకొద్దు, అంకుల్."

"అంతేనేటి. ఇవాళే ఇచ్చేద్దాం కంప్లైంటు" అన్నాడు గురునాథరావు. "ప్రసూనా, ఓ తెల్లకాగితం తే. సంతకం నీది కావాలి."

ఆవిడ కాగితం కోసం కదల్లేదు. ట్రే పట్టుకుని అలాగే నిలబడింది. నిలబడితే కిటికీలోంచి ఆ మెట్లు కనబడుతున్నాయి, గచ్చు చేయని ముతక మెట్లు, అంచుల్లో ఇటుకలు బయటపడి. ఈ ఇంటికి మెట్లు లేవు. స్లాబు తడపడానికి వెదురు నిచ్చెన ఎక్కి వెళ్లినన్నాళ్లూ ఆవిడకి పైన ఉండబుద్ధయ్యేది. అంత గాలి, అంత ఆకాశం ఆవిడ జన్మలో ఎప్పుడూ ఒక్కతికే దొరకలేదు. పొద్దు వాలాక ప్లాంటు వైపు కొలిమిలోంచి తీసిన మరిగే చిట్టెం, స్లాగు, పోస్తే మబ్బులన్నీ ఎర్రబడేవి, అది చూస్తూ కూరలోకి ఏం లేవన్న సంగతి మర్చిపోయేది. స్లాబు ఆరింది, నిచ్చెన వెళ్లిపోయింది. మెట్లు కావాలని అడిగితే "మేడ మీద నీకేం పని? మెట్లు మానేస్తే స్టోరు గది వస్తాది" అన్నాడు ఆయన. స్టోరు గది వచ్చింది. అందులో ఇప్పుడు పాత సైకిలుంది. ఆ మరుసటి ఏడు పక్కింటి నూకాలమ్మ, మొగుడు జబ్బుతో పోయాక, అద్దె మీద బతుకుదామని పైన రెండు గదులు వేసుకుంటూ ప్రహరీ దగ్గరికొచ్చింది. "వదినా, మెట్లు ఈ పక్కనించి లేపుకుంటాను. నీకేటైనా ఇబ్బందా? నువ్వొద్దంటే మానెత్తాను" అంది. నువ్వొద్దంటే మానేస్తాను. ఆ మాట ఆవిడతో అంతకుముందు ఎవరూ అనలేదు. పుట్టింట్లో అనలేదు, అత్తింట్లో అనలేదు, తను తడిపిన గోడల మధ్యా ఎవరూ అనలేదు. కళ్లలో నీళ్లు తిరిగి, కొంగుతో మొహం తుడుచుకుని, "కట్టుకో వదినా, పైన నాకో దారి వదులు" అంది. నూకాలమ్మ పై చప్టాని ఇటు కలిపి, పిట్టగోడలో మనిషి పట్టేంత సందు వదిలించింది. అప్పట్నించీ ఆయన సెకండ్ షిఫ్టు సాయంత్రాలూ, రిటైరయ్యాక ఆయన మధ్యాహ్నం నిద్రలూ ఆవిడకి మేడ మీదే గడిచాయి. అక్కడ ఓ పాత నవారు మంచం ఉంది. ఏటేటా వడియాలు ఎండేది అక్కడే. ఆయన ఆ వడియాలు వేయించుకు తిన్నాడు, బావున్నాయన్నాడు, ఎక్కడ ఎండాయో అడగలేదు.

"ఏటలా నిలబడిపోయినావు? కాగితం" అన్నాడు గురునాథరావు.

ఆవిడ ట్రే బల్ల మీద పెట్టింది.

"నేను సంతకం పెట్టను. ఆ మెట్లు కట్టుకోమన్నది నేనే."

ఉదయ్‌కుమార్ కప్పు దించి "ఆంటీ, మతలబ్..." అని ఆగిపోయాడు.

"అభ్యంతరం లేదని రాసిస్తాను బాబూ. రేపు నూకాలమ్మ వదినతో కలిసి నేనే ఆఫీసుకి వెళ్తాను. నీకు మెట్లు లేని ఇల్లు ఇంకోటి దొరుకుతుంది. పకోడీలు తిని వెళ్లండి, చల్లారిపోతున్నాయి."

వాళ్లు మర్యాదగా తలో రెండు తిని వెళ్లిపోయారు. గేటు మూసి వచ్చిన గురునాథరావు మొహం కందగడ్డలా ఉంది. "నన్నడక్కుండా ఎలా చెప్పినావు, కట్టుకోమని?"

"మీరు షిఫ్టులో ఉన్నారు" అంది ఆవిడ.

ఆయన తువ్వాలు లాక్కుని స్నానానికి వెళ్లిపోయాడు. జ్ఞానప్రసూన మిగిలిన టీ గ్లాసులో పోసుకుంది. పట్టుకుని వీధిలోకి వచ్చి, పక్కింటి గేటు తీసుకుని, నూకాలమ్మకి విషయం చెప్పింది. నూకాలమ్మ వింటూ వింటూ గడప మీద కూలబడి "బతికించినావు వదినా, అద్దెలు పోతే ఏటైపోదునో" అని ఆవిడ చెయ్యి పట్టుకుంది. తననీ ఎవరో బతికించినట్టే ఉంది ఆవిడకి. ఒక్కో మెట్టూ ఎక్కుతుంటే ఇన్నాళ్లుగా గుండెల మీద కూర్చున్న బరువు కిందకి దిగిపోతోంది. సందులోంచి తన మేడ మీదకి వెళ్లి, మంచం మీద కూర్చుని, ఈలోగా కాస్త చల్లారిన టీని ఆఖరి చుక్క దాకా తాగింది. ఇంత రుచిగా టీ తాగి ఎన్నేళ్లయిందో.

చీకటి పడబోతుండగా కింద పెరట్లో గొంతు వినబడింది. "ప్రసూనా, ఎక్కడున్నావు? అన్నయ్య ఫోన్ చేస్తాడు, ఏటి చెప్పమంటావు?"

"మీ వదినకి వంటమనిషిని చూసుకోమని చెప్పండి" అంది ఆవిడ పైనుంచి.

గురునాథరావు అటూ ఇటూ చూసి, చివరికి తలెత్తాడు. దగ్గరుండి కట్టించిన ఇంటి మీద, ఎర్రబడుతున్న ఆకాశం కింద, భార్య పిట్టగోడ మీద మోచేతులానించి నిలబడి ఉంది.

"అక్కడికెలా ఎక్కినావు?"

"మెట్లు పక్కింట్లో ఉన్నాయి. రావాలనుంటే నూకాలమ్మ వదిననడిగి రండి" అంది జ్ఞానప్రసూన. "వడియాలున్నాయి, చూసి అడుగెయ్యండి."