క్లోవిస్ బోర్డు మీది అర

క్లోవిస్ మంగలిషాపులో అద్దం పక్కన ఓ నల్లబోర్డు ఉంది. ఏటా ఎంపిక చేసే లీగ్ ఉత్తమ జట్టులో చోటు దక్కిన అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాళ్ల లెక్క అది. హార్లన్ కాలేజీకి పదిహేడున్నర, డెల్విక్ కాలేజీకి పదిహేడు. మనుషుల్లో అర ఏమిటని కొత్తవాళ్లు నవ్వుతారు. ఆ అర రాయిస్ లాటిమర్‌ది.

నలభయ్యేళ్ల కిందట హార్లన్ జట్టులో, బంతితో పరిగెత్తేవాడికి దారి చేసే పని రాయిస్‌ది. అలాంటివాడి పేరు పేపర్లో పడడమే అరుదు. ఆ ఏడాది పడాల్సింది, ఒక్క ఓటు తక్కువైంది. ఓట్లు వేసేది కోచ్‌లు. సొంత ఆటగాడికి వేసుకోకూడదు, ఎవరికి వేసిందీ బయటపెట్టకూడదు. ఇంకేం, ప్రత్యర్థి డెల్విక్ కోచ్ టేటమే తన నోటికాడి ముద్ద లాగేశాడని రాయిస్ తీర్మానించేసుకున్నాడు. హార్లన్ వాళ్లంతా నమ్మారు. క్లోవిస్ జాలిపడి అర వేశాడు, జాలికి లెక్కలు రావు మరి.

టేటమ్ కూడా ఈ షాపులోనే క్షవరం చేయించుకునేవాడు. ఆయన గుమ్మం ఎక్కితే చాలు, రాయిస్ సగం గడ్డంతోనే లేచిపోయేవాడు. రెండేళ్ల కిందట పెద్దాయన పోతే చర్చి ఛాయలకు కూడా వెళ్లలేదు.

ఈసారి రెండు కాలేజీలూ తలపడే వారంలో టేటమ్ కూతురు నడీన్ షాపుకొచ్చింది.

"రాయిస్ గారూ, ఇది నాన్న బీరువాలో దొరికింది. మీరు చూడాలి."

ఆ ఏటి ఓటు కాగితం నకలు. ప్రత్యర్థి జట్టని చూడకుండా అన్ని పేర్లకంటే పైన రాసి ఉంది: లాటిమర్, హార్లన్.

రాయిస్ కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివాడు. క్లోవిస్ కత్తెర ఆపి భుజం మీదుగా తొంగి చూశాడు.

"ఓరి నీ! ఆయనే వేశాడట్రా నీకు! ఇన్నేళ్ల తిట్లూ ఇప్పుడెలా మింగుతావ్?"

"నువ్వు కాసేపు నోర్ముయ్యరా," అన్నాడు రాయిస్. సిగ్గుతో అతని మెడ ఎర్రబడింది. "చెప్పలేదేమమ్మా? నేను లేచిపోతుంటే చూస్తూ ఇక్కడే కూర్చునేవాడు కదా!"

"మీకు చెప్పెయ్యమని అమ్మ రోజూ పోరేది. నాన్న వినేవారు కాదు. 'నా ఓటు సంగతి చెబితే, వెయ్యనివాడెవడా అని మిగతావాళ్లందర్నీ అనుమానిస్తాడు. నా ఒక్కడి మీదే కోపం ఉంటే పోయిందేముంది' అనేవారు."

"నిజమేరా," అన్నాడు క్లోవిస్ గొంతు తగ్గించి. "ఆ అర చెరపమని డెల్విక్ వాళ్లు గోల చేస్తే, వాళ్ల నోరు మూయించింది ఆయనే."

రాయిస్‌కి ఎవరి మొహమూ చూడాలనిపించలేదు. నలభయ్యేళ్లు మంచివాణ్ణి పట్టుకుని దొంగన్నాడు. ఇప్పుడు తప్పైందని చెప్పుకుందామంటే మనిషి లేడు.

"అంత్యక్రియలకైనా రాలేదమ్మా నేను."

"తెలుసు." నడీన్ కాగితం అతని చేతిలోనే ఉంచేసింది. "శవపేటిక మోయాల్సిన ఆరుగురి పేర్లూ నాన్నే రాసిపెట్టారు. అందులో మీరూ ఉన్నారు. మిమ్మల్ని అడగడానికి నాకే ధైర్యం చాలలేదు. ఐదుగురే మోశారు."